నడి మైదానంలో చామంతులు

ఆగండి. పేజీ అప్పుడే తిప్పేయకండి, కాఫీ తర్వాత తాగొచ్చు, ముందు కాస్త కూర్చుని ఇది వినండి. పోయినవారం లోయిస్ వాళ్ల వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాం కదా. మారెన్ ఆ తలుపు తోసుకొచ్చి తన హాకీ గోల్‌కీపర్ సంచీని నేలకేసి కొట్టి మేడెక్కిపోయింది కదా. ఆ సంచీ ఇంకా అక్కడే ఉంది. శుక్రవారం తెల్లారినా అక్కడే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఇల్లంతా దాని వాసనే. నాలుగేళ్ల చెమట పీల్చిన కాళ్ల ప్యాడ్లు, బూట్ల మీద కట్టుకునే దళసరి తొడుగులు, గడ్డం దగ్గర రంగు లేచిపోయిన హెల్మెట్. లోయిస్ దాన్ని దాటి వెళ్లి కాఫీ పెట్టుకుంది. దాన్ని దాటి వచ్చి పెనం మీద స్క్రాపుల్ ముక్కలు, అదే పందిమాంసం, మొక్కజొన్న పిండి కలిపి చేసినవి, వేసింది. అవి ఒక వైపు మాడుతున్నా తిప్పలేదు.

లోయిస్ వాళ్లమ్మ వెర్నాకి ఎనభై దాటాయి, ఇక సంచీలు దాటడాలు కుదరవు. చేతికర్రతో సంచీని రెండు పోట్లు పొడిచి, "దీన్నైనా బయట పెట్టండి, నన్నైనా బయట పెట్టండి" అంది.

మెట్ల మీంచి మారెన్ జవాబొచ్చింది. "అది నాది కాదు అమ్మమ్మా, కాలేజీది. కోచ్ గారు వెళ్తూ తీసుకెళ్తారు."

కోచ్ గారు. సొంత వంటింట్లో, సొంత తల్లి లోయిస్‌ని అలా అంది.

బుధవారం సాయంత్రం నుంచీ ఇదే వరస. ఆ రోజు ప్రాక్టీసు అయ్యాక జట్టంతా తడి టర్ఫ్ మీద గుండ్రంగా కూర్చుంటే, శనివారం ఆట మొదలుపెట్టే పదకొండు మంది పేర్లు లోయిస్ చదివింది. శనివారం అంటే సీనియర్స్ డే. చివరి ఏడాది పిల్లలకి సొంత మైదానంలో ఆఖరి ఆట. నాలుగేళ్లూ బెంచి మీదే కూర్చున్న పిల్లయినా సరే, ఆ రోజు ఆట మొదలుపెట్టేది సీనియర్లే. మొదటిసారి ఆట ఆగేదాకా మైదానం వాళ్లది. తర్వాత చప్పట్ల మధ్య బయటికొస్తారు, అసలు జట్టు లోపలికెళ్తుంది. బ్రెన్నెమన్ కాలేజీలో ఈ ఆచారం పెట్టిందే లోయిస్. ఒకసారి కాలికి కట్టుతో ఉన్న పిల్లని కూడా చంకకర్రలతో తీసుకొచ్చి గీత మీద నిలబెట్టి, బంతికి స్టిక్ తాకించి పంపింది.

ఈసారి ఆరుగురు సీనియర్లు. ఐదుగురి పేర్లు చదివింది. గోల్‌లో బ్రిన్, అంది. బ్రిన్ రెండో ఏడాది పిల్ల. ఆరో సీనియర్ మారెన్, అంటే లోయిస్ కూతురు, అక్కడే కూర్చుని బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. మిగతా పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

ఎందుకలా చేసిందో మనకి తెలుసు, మారెన్‌కి తెలీదు. క్రీడల డైరెక్టర్ విట్లాక్ లోయిస్‌కి ఫోన్ చేసి, ఈ ఏడాది కూడా జట్టు లీగ్ టోర్నమెంటుకి వెళ్లకపోతే కొత్త కోచ్‌ని వెతుక్కోవాల్సి ఉంటుందని చాలా మర్యాదగా చెప్పాడు. శనివారం గెలిస్తే వెళ్తారు. ఓడితే లేదు. ఆడేది అవతలి కొండ కాలేజీతో. వాళ్లకి ఒక అలవాటుంది, ఆట మొదలవగానే మందగా మీదపడి మొదటి దూకుడులోనే గోల్ కొట్టేస్తారు.

మారెన్ కిందికొచ్చి కుర్చీ చివర కూర్చుంది. లోయిస్ ప్లేటు ముందు పెట్టింది.

"తిను."

"మీరు తినండి."

"వాళ్ల ఆట నువ్వూ చూశావుగా మారెన్. మొదట్లోనే ఎలా మీదికొస్తారో."

"చూశాను. బెంచి మీంచి చాలా బాగా కనిపిస్తుంది."

వెర్నాకి ఈ మౌనాలు పడవు. తన కాలంలో ఉన్ని గౌన్లేసుకుని ఆడేవాళ్లమనీ, గోల్‌లో నిలబడ్డ పిల్లకి కాళ్లకి రెండు బెత్తపు పలకలు తప్ప దిక్కు లేదనీ, అయినా ఈ ఇంట్లో తగిలే దెబ్బలు అప్పుడు మైదానంలో కూడా తగల్లేదనీ అంటూ, బీట్‌రూట్ నీళ్లలో ఊరేసిన గుడ్డొకటి తీసి మనవరాలి ప్లేట్లో వేసింది. ఆ గుడ్డు ఎర్రగా దొర్లి మాడిన స్క్రాపుల్ పక్కన ఆగింది. ఎవరూ నవ్వలేదు.

"నీ మీద నమ్మకం లేక కాదు," అంది లోయిస్.

"మరెందుకు?"

లోయిస్ వెళ్లి స్టవ్ ఆపింది. ఆ స్టవ్ ఆపడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే మీకూ నాకూ కోపమొచ్చేది.

మారెన్ మొదటి ఏడాది జరిగింది చెప్పుకోవాలిక్కడ. అదనపు సమయంలో ఒక బంతి ఆ పిల్ల కాళ్ల మధ్యలోంచి దూరిపోయింది. ఎవరికైనా దూరుతుంది. కానీ ఆ రోజు గ్యాలరీలో ఎవరో ఒక తండ్రి, కోచ్ కూతురు కాకపోతే దీన్ని గోల్‌లో ఎవరు నిలబెడతారు అన్నాడు. లోయిస్ విన్నది. ఆ రాత్రే కూతుర్ని కూర్చోబెట్టి, ఇక టర్ఫ్ మీద నేను నీకు అమ్మని కాదు, అంది. ఇంకొకరి పిల్లయితే మర్నాడే మళ్లీ గోల్‌లో పెట్టేది. తన పిల్ల కాబట్టి పెట్టలేదు. ఆ తర్వాత బ్రిన్ వచ్చింది, బాగా ఆడింది, ఇక పెట్టాల్సిన అవసరమే రాలేదు.

"రేపు నాతో ఎవరు నడుస్తారో మైకులో పేర్లు చదివే అతనికి చెప్పేశాను," అంది మారెన్. "నాన్న, పాటీ."

పాటీ అంటే మారెన్ నాన్న డెనిస్‌కి రెండో భార్య. సీనియర్స్ డే నాడు ఆటకి ముందు ప్రతి సీనియరూ గోల్ గీత దగ్గర్నుంచి ఇటు ఒకరు అటు ఒకరు తోడుగా నడి మైదానం దాకా నడిచొస్తుంది. మామూలుగా తల్లీ తండ్రీ. నడి మైదానంలో కోచ్ నిలబడి చామంతి పూలు చేతికిచ్చి కావలించుకుంటుంది. లోయిస్ ఇన్నేళ్లుగా ఇస్తూనే ఉంది. ఎన్ని పూలు ఇచ్చిందో, ఎందరు తల్లులు కళ్లు తుడుచుకోవడం చూసిందో. అటువైపు నుంచి నడిచి రావాల్సిన రోజు తనకీ ఒకటి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"మీరు ఎలాగూ మధ్యలో నిలబడాలి కదా," అంది మారెన్, తప్పు తనది కాదన్నట్టు.

"మంచిది," అంది లోయిస్.

"మంచిదా?" వెర్నా చేతికర్ర నేలకి కొట్టింది. "ఏమే లోయిస్, నీకు నోరున్నది విజిల్ ఊదుకోడానికేనా?"

మారెన్ లేచింది. తలుపు దగ్గర, సంచీకి ఇవతల నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది. "టర్ఫ్ మీద అమ్మని కాదన్నారు. సరే అన్నాను. ఇంట్లోనైనా అవుతావని నాలుగేళ్లు చూశాను."

తలుపు మెల్లగానే వేసింది. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

లోయిస్ ఆఫీసు గది మైదానం పక్కనే. గోడ నిండా జట్ల ఫొటోలు, ఏడాదికొకటి. అన్నిట్లోనూ చివరన చేతులు కట్టుకుని లోయిస్. ఏ ఫొటో చూసినా పిల్లలకి అదే వయసు. చివర్లో నిలబడ్డ మనిషికి మాత్రమే ఏళ్లు పెరుగుతూ వచ్చాయి.

మొదట్లో ఇక్కడ టర్ఫ్ లేదు. మట్టి మైదానం మీద సున్నం గీతలు తనే గీసుకుంది, జెర్సీలు ఇంటికి తీసుకెళ్లి తనే ఉతికింది, వ్యాన్ తనే నడిపింది. పెద్ద యూనివర్సిటీలు రెండుసార్లు పిలిస్తే, ఇక్కడి పిల్లల్ని మధ్యలో ఎలా వదలనని వెళ్లలేదు. డెనిస్ వెళ్లిపోతూ ఒకే మాట అన్నాడు, ఆటలు జరిగే ఆకురాలే కాలమంతా నాకు పెళ్లాం ఉండదు, మిగతా కాలంలో ఉన్నా మాట్లాడదు అని. అందులో అబద్ధమేం లేదు.

ఆట అయిపోయాక తల్లిదండ్రులు కార్ల వెనక బల్లలు వేస్తారు, చికెన్ మొక్కజొన్న సూప్ పొగలు కక్కుతూ ఉంటుంది, చిన్నపిల్లలు మిగిలిన స్టిక్కులు పట్టుకుని పరిగెడుతుంటారు. ఎవరో ఒక తల్లి కాగితపు గిన్నెలో సూప్ పోసి కోచ్ చేతికిస్తుంది. లోయిస్ థాంక్స్ చెప్పి దాన్ని పట్టుకుని ఈ గదిలోకొచ్చి తలుపేసుకుని తింటుంది. ఒక పిల్ల తల్లి పక్కన కూర్చుంటే ఇంకో పిల్ల తల్లి ఏమనుకుంటుందోనని. ఇన్ని శనివారాలూ అంతే. కిటికీలోంచి నవ్వులు వినిపిస్తూ ఉంటాయి, సూప్ చల్లారిపోతూ ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం విట్లాక్ అటుగా వచ్చి, రేపు ట్రస్టీలు కూడా వస్తున్నారని చెప్పి, ఆల్ ది బెస్ట్ చెప్పి, వాతావరణం బాగుంటుందట అని కూడా చెప్పి వెళ్లాడు. అతను వెళ్లిన కాసేపటికి బ్రిన్ కుంటుతూ వచ్చింది.

మెట్ల మీద మడమ మెలిక పడిందట. రేపు ఆడటం కుదరదట. చెప్పేటప్పుడు కోచ్ మొహం చూడలేదు, టేబుల్ మీది విజిల్‌ని చూసింది.

"ఏ కాలు?" అంది లోయిస్.

"ఎడమ."

"లోపలికి కుడికాలు కుంటుతూ వచ్చావు."

బ్రిన్ చెవులదాకా ఎర్రబడి కుర్చీలో కూలబడింది. బయట టర్ఫ్ మీద నీళ్లు చిమ్మే యంత్రం తిరుగుతున్న చప్పుడు మాత్రమే.

"మారెన్ చెప్పమందా?"

"లేదు కోచ్. ఆవిడకి తెలిస్తే చంపేస్తుంది."

"మరి?"

అప్పుడు చెప్పింది బ్రిన్. కింద పడుతూ కుడికాలు చాచి బంతి ఆపుతుందే, లీగంతా మెచ్చుకునే ఆ ఆపడం, ఎవరు నేర్పారో తెలుసా అని అడిగింది. ప్రాక్టీసు అయ్యాక కోచ్ లోపలికి వెళ్లిపోయాక, లైట్లు ఆర్పేదాకా మారెన్ ఉండిపోతుందట. తను బంతులు కొడుతూ బ్రిన్ చేత ఆపిస్తుందట. రెండేళ్లుగా.

"ఆవిడ నాకు నేర్పకపోయుంటే, ఆ చోటు ఆవిడకే ఉండేది కోచ్."

లోయిస్ కిటికీ వైపు చూసింది. ఈ కిటికీలోంచే మైదానం మొత్తం కనిపిస్తుంది. రెండేళ్లు. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే సరిపోయేది.

రేపు ఆట ముందు మడమ ఎలా ఉందో చెప్పమని మాత్రమే అంది. బ్రిన్ లేచి, ఈసారి ఎడమకాలు కుంటుతూ, జాగ్రత్తగా బయటికెళ్లింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సంచీ లేదు. అంతదాకా దాటుకుంటూ తిరిగిన సంచీ, లేకపోయేసరికి ఇల్లు ఎంత ఖాళీగా ఉందో.

వెర్నా దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పిల్ల వచ్చి తీసుకెళ్లిందని చెప్పింది. సీనియర్లు పూర్తి వేషంలోనే నడవాలి కదా, ప్యాడ్లు లేకుండా ఎలా. రాత్రికి కాలేజీ హాస్టల్లోనే ఉంటుందట.

"విట్లాక్‌తో నువ్వు ఫోన్లో మాట్లాడింది నేను విన్నాను," అంది వెర్నా. "చెవుడుంది కదా అనుకున్నావేమో. ఉద్యోగం సంగతి దానికి చెప్పు."

"చెప్తే అదే తప్పుకుంటుందమ్మా. బ్రిన్‌నే పెట్టు, నాకేం పర్లేదు అంటుంది. తన ఆఖరి ఆట నా ఉద్యోగం కోసం ఇచ్చేసుకుంటుంది. అది జన్మంతా దాని మీదే ఉంటుంది."

"చెప్పకపోతే?"

"నా మీద కోపంగా ఉంటుంది. కోపమైతే నేను మోయగలను."

వెర్నా కూతురి వైపు తిరిగింది.

"నువ్వు మోయగలవే. అది మోయగలదో లేదో అడిగావా?"

పొద్దున్న మిగిలిపోయిన ఎర్ర గుడ్డు ఇంకా ప్లేట్లోనే ఉంది. లోయిస్ దాన్ని నిలబడే తిని, ప్లేటు కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగింది.

శనివారం విట్లాక్ చెప్పినట్టే వాతావరణం బాగుంది. తడి టర్ఫ్ మీద ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. కంచె పొడుగునా జనం. అవతలి కొండ పిల్లలు ఒక పక్క గుంపుగా దూకుతూ ఒళ్లు వేడి చేసుకుంటున్నారు. ట్రస్టీలు కోట్లేసుకుని వరసగా కూర్చున్నారు, వాళ్ల పక్కన విట్లాక్. వెర్నా మడత కుర్చీలో, మోకాళ్ల మీద దుప్పటితో, ఎటో చూస్తోంది. ఎటో చూస్తోందంటే ఏదో చేసిందనే.

బ్రిన్ బెంచి మీద మడమకి ఐసు సంచీ కట్టుకుని కూర్చుంది. కోచ్‌ని చూసి, ఆడగలనో లేదో మీరే చెప్పండి అన్నట్టు చూసింది. బుధవారం చదివిన పేర్లు లోయిస్ ఇంకా మార్చలేదు. మొదటి విజిల్ ఊదేదాకా మార్చుకోవచ్చు.

లోయిస్ ఆరు చామంతి గుత్తులు పట్టుకుని నడి మైదానానికి వెళ్లి నిలబడింది.

మైకులో ఒక్కో పేరే పిలిచారు. ఒక్కో పిల్లే అమ్మానాన్నల మధ్య నడుచుకుంటూ వచ్చింది. లోయిస్ పూలిచ్చింది, కావలించుకుంది, తల్లి చెయ్యి నొక్కింది, తండ్రి చెయ్యి కలిపింది. ఒక తండ్రి మరీ ఏడుస్తుంటే కూతురు, నాన్నా, నేను చావట్లేదు, డిగ్రీ అయిపోతోందంతే అంది. అందరూ నవ్వారు. లోయిస్ కూడా నవ్వింది. ఐదు గుత్తులు అయిపోయాయి. చేతిలో ఒకటి మిగిలింది.

గోల్ గీత దగ్గర మారెన్ నిలబడి ఉంది. ప్యాడ్లన్నీ కట్టుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని.

ఒక్కతే.

డెనిస్, పాటీ కంచె అవతలే ఉన్నారు. పాటీ కెమెరా పట్టుకుని ఉంది. వాళ్లు గేటు వైపు కదలనైనా లేదు.

మైకులో గొంతు వినిపించింది. "మారెన్. గోల్‌కీపర్. తనతో నడుస్తున్నది వాళ్లమ్మ, లోయిస్."

కంచె పొడుగునా మాటలు ఆగిపోయాయి. ఇన్నేళ్లలో కోచ్ నడి మైదానం వదిలి కదలడం ఎవరూ చూడలేదు. అక్కడ నిలబడటమే ఆవిడ పని. విట్లాక్ ట్రస్టీ చెవిలో ఏదో చెప్పాడు. అంపైరు వాచీ చూసుకుంది.

లోయిస్ కదిలింది. మొదట మామూలుగా, తర్వాత కాస్త తొందరగా. తడి టర్ఫ్ మీద ఆవిడ బూట్ల చప్పుడు ఆవిడకే వినిపిస్తోంది. గోల్ గీత దగ్గరికొచ్చేసరికి ఏం చెయ్యాలో తెలీక ఆ ఆఖరి చామంతి గుత్తిని ముందుకు చాపింది.

మారెన్ తీసుకోలేదు. మొద్దు గ్లవ్ ఉన్న చెయ్యి తల్లి మోచేతి కింద దూర్చింది. ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. చప్పట్లు మొదలయ్యాయి, ముందు ఒక మూల నుంచి, తర్వాత చుట్టూ.

"అమ్మమ్మ రాత్రి హాస్టల్‌కి ఫోన్ చేసింది," అంది మారెన్, పెదాలు కదపకుండా. "ఏదో ఉందంది. ఏంటో మాత్రం చెప్పలేదు. మీ అమ్మనే అడుగు అంది. అందుకే మైకు అతనికి నీ పేరిచ్చాను."

లోయిస్ ముందుకే చూస్తూ నడిచింది.

"బ్రిన్ కాలికి ఏమీ కాలేదని నాకు తెలుసు. దానికి అబద్ధం చెప్పడం నేను నేర్పలేదు కాబట్టే అంత ఘోరంగా చెప్తోంది." ఒక్క క్షణం నవ్వొచ్చినట్టయింది ఇద్దరికీ, రాలేదు. "నేను ఆడటానికి సిద్ధంగా ఉన్నా. నువ్వు వద్దంటే కూర్చుంటా, గొడవ చెయ్యను. కానీ ఎందుకో చెప్పు. కోచ్‌గా కాదు. ఎందుకమ్మా?"

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. లోయిస్ చెయ్యి ఆ గ్లవ్ మీద బిగుసుకుంది.

నిజం చెప్తే ఈ పిల్ల నడి మైదానం చేరేలోపే ప్యాడ్ల పట్టీలు విప్పేసుకుంటుంది. ఏం చెప్పకుండా బ్రిన్‌ని పిలిస్తే, ఈ చెయ్యి మళ్లీ తన మోచేతి కిందికి రాదు. ఏం చెప్పకుండా ఈ పిల్లనే గోల్‌లో పెడితే, అవతలి కొండ వాళ్లు గీత మీద అప్పుడే బారులు తీరుతున్నారు, ట్రస్టీలు ముందుకు వంగి చూస్తున్నారు, ఒక్క బంతి కాళ్ల మధ్య దూరితే చాలు, ఇన్నేళ్లుగా లోయిస్‌కి మిగిలిన ఆ ఒక్క ఆఫీసు గదీ ఉండదు. ఆ బంతి తన వల్లే దూరిందని ఈ పిల్లకి తర్వాతెప్పుడో తెలియకా మానదు.

ఎదురుగా నడి మైదానం ఖాళీగా ఉంది. పూలివ్వడానికి అక్కడ ఎవరూ లేరు. అక్కడ నిలబడాల్సిన మనిషి ఇక్కడ, కూతురి పక్కన నడుస్తోంది, చేతిలో ఆఖరి చామంతులతో. అంపైరు విజిల్ నోటి దగ్గరికి తీసుకుంది.

ఇంకొన్ని అడుగులే ఉన్నాయి. ఆ చెయ్యి మీ మోచేతి కింద ఉంటే, మీరైతే ఏం చెప్పేవాళ్లు?